పిట్యూటరీ జబ్బు ఉన్నవారికి థైరాయిడ్ మందు: ఏ వరుసలో మొదలుపెట్టాలి, ఏ పరీక్ష చూసి మోతాదు నిర్ణయించాలి

గోదావరి డెల్టాలో ఏ ఊరి మందుల షాపుకు వెళ్ళినా థైరాయిడ్ బిళ్ళల సీసాలు ఒక అర నిండా కనిపిస్తాయి. వాటిని వాడే కుటుంబాలకు టీఎస్‌హెచ్ అనే అంకె బాగా అలవాటైపోయింది. అది పెరిగితే మోతాదు పెంచాలనీ, తగ్గితే మోతాదు తగ్గించాలనీ డాక్టరు చెప్పకముందే ఇంట్లోవాళ్ళే చెప్పగలుగుతున్నారు. చాలామంది రోగుల విషయంలో ఆ లెక్క సరైనదే. అయితే థైరాయిడ్ గ్రంథిలో ఏ లోపమూ లేకుండా, దానిని నడిపించే పిట్యూటరీ గ్రంథి దెబ్బతినడం వల్ల థైరాయిడ్ హార్మోను తగ్గినవారు కొద్దిమంది ఉంటారు. వారికి టీఎస్‌హెచ్ చూసి మోతాదు మారిస్తే ఉన్న ఆరోగ్యం కూడా పోతుంది. మందులను తప్పు వరుసలో మొదలుపెడితే ప్రాణం మీదికే వస్తుంది. ఈ వ్యాసం ఆ రోగుల కోసం, వారిని చూసుకునే ఇంటివారి కోసం, వారికి మొదట ఎదురుపడే ఊరి వైద్యుల కోసం రాస్తున్నాను. మోతాదులు నిర్ణయించవలసింది చికిత్స చేసే వైద్యులే. కానీ ఆ నిర్ణయం వెనుక ఉన్న కారణం రోగికి తెలిసి ఉంటే, చికిత్స ఎక్కడైనా దారి తప్పినప్పుడు మొదట గమనించగలిగేది రోగే.

ఈ తేడా మన కాలువల మాటల్లో చెప్పుకుంటే తేలికగా అర్థమవుతుంది. చేలో నీరు తగ్గితే కాలువ తూములు చూసుకునే లస్కరు తూము తలుపు ఎత్తుతాడు, నిండితే దించుతాడు. మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ, అంటే పీయూష గ్రంథి, ఆ లస్కరు వంటిది. మెడలో ఉండే థైరాయిడ్ తూము వంటిది. రక్తంలో ఉండే థైరాక్సిన్, అంటే టీ4, చేలోని నీరు. తలుపు ఎత్తడానికి లస్కరు పెట్టే బలం టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్‌ను పనిచేయించడానికి పిట్యూటరీ పంపే హార్మోను. మామూలు థైరాయిడ్ జబ్బులో తూము పూడిపోతుంది; లస్కరు ఆరోగ్యంగానే ఉన్నాడు కాబట్టి మరింత బలం పెడతాడు, అందువల్ల టీఎస్‌హెచ్ పెరుగుతుంది. పిట్యూటరీ జబ్బులో తూము బాగానే ఉంటుంది, లస్కరే మంచాన పడతాడు. మంచాన పడినవాడి బలం కొలిచి చేలో నీరెంత ఉందో చెప్పలేము. గట్టు మీదికి వెళ్ళి చేనునే చూడాలి. ఫ్రీ టీ4, అంటే రక్తంలో ప్రోటీన్లకు అంటుకోకుండా విడిగా ఉన్న టీ4ను కొలిచే పరీక్ష, చేసే పని అదే.

ఎవరిలో అనుమానించాలి

పిట్యూటరీలో పెరిగే గడ్డలు, వాటికి చేసిన ఆపరేషన్, తలకు ఇచ్చిన రేడియేషన్, తలకు తగిలిన పెద్ద దెబ్బ, గ్రంథిలో హఠాత్తుగా రక్తస్రావం కావడం, గ్రంథికి వచ్చే వాపు ఇందుకు ప్రపంచమంతటా కనిపించే కారణాలు. వీటికి తోడు మన ప్రాంతంలో రెండు కారణాలను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

మొదటిది కాన్పులో జరిగే తీవ్ర రక్తస్రావం. గర్భిణిగా ఉన్నప్పుడు పిట్యూటరీ పెరిగి ఉంటుంది. కాన్పు సమయంలో రక్తం ఎక్కువగా పోయి బీపీ పడిపోతే, పెరిగిన ఆ గ్రంథికి రక్తం చాలక అందులో కొంత భాగం చనిపోతుంది. 1937లో హెరాల్డ్ షీహాన్ అనే వైద్యుడు దీనిని వివరించినందువల్ల షీహాన్ సిండ్రోమ్ అంటారు. ఆసుపత్రి కాన్పులు పెరిగాక ఇది తగ్గుముఖం పట్టింది. కానీ పడవ దాటితే గాని ఆసుపత్రి చేరలేని రోజుల్లో లంక గ్రామాలలో కాన్పులైన స్త్రీలు ఇప్పుడు నడివయసులో, అంతకు పైన ఉన్నారు, వారిలో కొందరికి జబ్బు పేరు ఇప్పటికీ తెలియదు. అటువంటి స్త్రీని అడగవలసిన ప్రశ్నలు సూటిగానే ఉంటాయి. కాన్పులో రక్తం చాలా పోయిందా, రక్తం ఎక్కించారా? బిడ్డకు పాలు పడ్డాయా? ఆ తరువాత నెలసరి మళ్ళీ వచ్చిందా? చంకల్లో వెంట్రుకలు రాలిపోయాయా? పాలు పడలేదు, నెలసరి తిరిగి రాలేదు అనే రెండు జవాబులు వస్తే, కాన్పై ఇరవై ఏళ్ళయినా సరే, పిట్యూటరీ హార్మోన్లన్నీ పరీక్షించాలి.

రెండవది రక్తపింజరి కాటు. సార్వా కోతలప్పుడూ దాళ్వా ఊడ్పులప్పుడూ చేలలో దిగేవారికి ఈ పాము భయం కొత్త కాదు. దీని విషం రక్తం గడ్డకట్టే వ్యవస్థను చెడగొడుతుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కొందరిలో పిట్యూటరీలో రక్తస్రావం జరిగో, రక్తప్రసారం ఆగిపోయో గ్రంథి శాశ్వతంగా పాడవుతుంది. బర్మా నుంచీ దక్షిణ భారతం నుంచీ వైద్యులు దీనిని పలుమార్లు నమోదు చేశారు. ముఖ్యంగా కాటు తరువాత మూత్రపిండాలు దెబ్బతిన్నవారు డయాలసిస్‌తో కోలుకుని ఇంటికి వచ్చాక, నెలలకో ఏళ్ళకో నీరసం, ఆకలి లేకపోవడం, మగవారిలో గడ్డం మీసం పలచబడటం, స్త్రీలలో నెలసరి ఆగిపోవడం మొదలైతే, విషం ఇంకా ఒంట్లో ఉందనుకుని నాటు మందుల చుట్టూ తిరుగుతారు. పాము కరిచిన సంగతిని రోగి తనంతట తాను చెప్పడు, ఎందుకంటే అది నయమైపోయిన సంగతి అనుకుంటాడు, అడగవలసింది వైద్యుడే.

ఇంకొక సూచన వేసవిలో కనిపిస్తుంది. మే నెల ఎండల్లో తల తిరిగి పడిపోయి, మాట తడబడి ఆసుపత్రిలో చేరినవారి రక్తంలో సోడియం బాగా తగ్గి ఉంటే వడదెబ్బ అని సెలైన్ పెట్టి పంపడం జరుగుతుంది. అదే మనిషి రెండవసారి, మూడవసారి సోడియం తగ్గి వచ్చినప్పుడు కార్టిసాల్ (జబ్బును తట్టుకోవడానికి శరీరానికి కావలసిన అడ్రినల్ హార్మోను), ఫ్రీ టీ4 చూడకుండా పంపడం సరికాదు.

పరీక్ష కాగితం ఎలా చదవాలి

ఫ్రీ టీ4 తక్కువగా ఉండి, దానికి తగినట్టు టీఎస్‌హెచ్ పెరగకపోవడం ఈ జబ్బు గుర్తు. టీఎస్‌హెచ్ తక్కువగా ఉండవచ్చు, నార్మల్‌గా ఉండవచ్చు, కొందరిలో కొద్దిగా పెరిగి కూడా ఉండవచ్చు. దెబ్బతిన్న పిట్యూటరీ విడుదల చేసే టీఎస్‌హెచ్‌కు పనిచేసే శక్తి తక్కువ, పరీక్షలో మాత్రం అంకెగా కనిపిస్తుంది. కాబట్టి టీఎస్‌హెచ్ ఒక్కటే చేయించి "నార్మల్, మీకు థైరాయిడ్ లేదు" అని చెప్పడం వల్ల ఈ రోగులు ఏళ్ళ తరబడి జబ్బుతోనే తిరుగుతారు. ఖర్చు తక్కువని చాలాచోట్ల మొదట టీఎస్‌హెచ్ మాత్రమే రాస్తారు. మామూలు జబ్బు వెతకడానికి అది చాలు గాని, పైన చెప్పిన చరిత్ర ఉన్నవారికి చాలదు. పరీక్ష రాయించుకునేటప్పుడు ఫ్రీ టీ4 అని స్పష్టంగా అడగాలి. థైరాయిడ్ ప్రొఫైల్ అనే పేరుతో చేసే మూడు పరీక్షలలో చాలాసార్లు మొత్తం టీ3 (ఇంకొక థైరాయిడ్ హార్మోను), మొత్తం టీ4 ఉంటాయి తప్ప ఫ్రీ టీ4 ఉండదు.

రెండు జాగ్రత్తలు అవసరం. తీవ్రమైన జ్వరంతోనో, ఐసీయూలోనో ఉన్న మనిషికి పిట్యూటరీ బాగున్నా టీ3, టీ4 తగ్గి టీఎస్‌హెచ్ పెరగకుండా ఉండటం సహజం. కోలుకున్నాక కొన్ని వారాలకు మళ్ళీ చేయించి చూడాలి. స్టెరాయిడ్లు ఎక్కువ మోతాదులో వాడుతున్నవారికి, మూర్ఛ మందుగా కార్బమజెపైన్ వాడుతున్నవారికి కూడా అంకెలు ఇలాగే కనిపించి మోసపుచ్చవచ్చు. ఇక జబ్బు నిర్ధారణ అయ్యాక పిట్యూటరీకి ఎంఆర్‌ఐ తీయించాలి, మిగిలిన హార్మోన్లు చూడాలి, తలనొప్పి గాని పక్క చూపు మందగించడం గాని ఉంటే కంటి చూపు విస్తీర్ణాన్ని పరీక్షించాలి. మెడకు స్కానింగ్, థైరాయిడ్ యాంటీబాడీ పరీక్షలు ఇక్కడ పెద్దగా ఉపయోగపడవు.

థైరాయిడ్ బిళ్ళకు ముందు కార్టిసాల్

ఈ వ్యాసంలో ఒక్క విభాగమే చదవగలిగే తీరిక ఉన్నవారు దీనిని చదవాలి. పిట్యూటరీ టీఎస్‌హెచ్‌నే కాక ఏసీటీహెచ్ అనే హార్మోనును కూడా పంపుతుంది. ఏసీటీహెచ్ అందకపోతే మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్‌ను తగినంత తయారుచేయలేవు. కార్టిసాల్ లేకుండా శరీరం జ్వరాన్ని, వాంతులను, ఆపరేషన్‌ను తట్టుకోలేదు. థైరాయిడ్ హార్మోను కూడా తగ్గి ఉన్నంతకాలం శరీరంలో అన్ని పనులూ మందంగా జరుగుతాయి కాబట్టి, ఉన్న కొద్దిపాటి కార్టిసాల్ నెమ్మదిగా ఖర్చవుతూ మనిషిని ఎలాగో నెట్టుకొస్తుంది. ఆ స్థితిలో ముందుగా థైరాక్సిన్ ఇస్తే శరీరం వేగం పుంజుకుంటుంది, కార్టిసాల్ అవసరమూ పెరుగుతుంది, ఉన్న కార్టిసాల్ విచ్ఛిన్నమయ్యే వేగమూ పెరుగుతుంది. అప్పుడు బీపీ పడిపోవడం, వాంతులు, చక్కెర తగ్గడం, స్పృహ తప్పడం జరుగుతాయి. దీనిని అడ్రినల్ క్రైసిస్ అంటారు. థైరాయిడ్ బిళ్ళ మొదలుపెట్టిన పది పదిహేను రోజుల్లో మనిషి కోలుకోవడానికి బదులు మరింత కుంగిపోతే ఈ ప్రమాదాన్ని ముందుగా తలచుకోవాలి.

అందువల్ల థైరాక్సిన్ రాయకముందు ఉదయం 8 గంటల ప్రాంతంలో రక్తం తీసి కార్టిసాల్ చూడాలి. డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల కంటే తక్కువ ఉంటే లోపం ఉన్నట్టే. 15 కంటే ఎక్కువ ఉంటే లోపం ఉండే అవకాశం తక్కువ. ఆ రెండింటి మధ్య ఉంటే ఏసీటీహెచ్ ఇంజెక్షన్ ఇచ్చి కార్టిసాల్ ఎంతవరకు పెరుగుతుందో చూసే పరీక్ష చేస్తారు. అయితే పిట్యూటరీ దెబ్బతిన్న తొలి వారాలలో, ఉదాహరణకు ఆపరేషన్ అయిన వెంటనే, అడ్రినల్ గ్రంథులు ఇంకా శక్తి కోల్పోయి ఉండవు కాబట్టి ఆ పరీక్ష నార్మల్‌గా కనిపించి తప్పుదారి పట్టించవచ్చు. సాయంత్రం తీసిన కార్టిసాల్‌తో ఏమీ తేల్చలేము, ఎందుకంటే ఆరోగ్యవంతులలో కూడా ఆ వేళకు అది తగ్గిపోతుంది.

మన ప్రాంతంలో ఇంకొక చిక్కు ఉంది. కీళ్ళ నొప్పులకు, ఆయాసానికి, నీరసానికి డెక్సామెథసోన్ ఇంజెక్షన్లు, ప్రెడ్నిసొలోన్ బిళ్ళలు చీటీ లేకుండా వాడేవారు చాలామంది. పేరు రాయని పొట్లాలలో ఇచ్చే పొడుల్లో కూడా స్టెరాయిడ్ ఉండవచ్చు. వీటివల్ల శరీరంలో సొంత కార్టిసాల్ తయారీ అణగిపోతుంది, పరీక్ష అంకె తారుమారవుతుంది. గడచిన కొన్ని నెలల్లో ఏ ఇంజెక్షన్ వేయించుకున్నారో, ఏ పొట్లం తిన్నారో డాక్టరుకు దాచకుండా చెప్పాలి. డాక్టరు కోప్పడతారనే జంకుతో ఈ ఒక్క విషయం దాచడం వల్ల జరిగే నష్టం చాలా పెద్దది.

కార్టిసాల్ లోపం ఉందని తేలితే దానికి బదులుగా ఇచ్చే స్టెరాయిడ్ అయిన హైడ్రోకార్టిసోన్ మొదట మొదలుపెట్టి, కొద్ది రోజుల తరువాత థైరాక్సిన్ మొదలుపెడతారు. పెద్దవారికి హైడ్రోకార్టిసోన్ సాధారణంగా రోజుకు 15 నుంచి 20 మిల్లీగ్రాములు. నిద్ర లేవగానే పెద్ద భాగం, మధ్యాహ్నం చిన్న భాగం, అవసరమైతే సాయంత్రం ఇంకో చిన్న భాగం. హైడ్రోకార్టిసోన్ దొరకని చోట కొందరు వైద్యులు ప్రెడ్నిసొలోన్‌ను తక్కువ మోతాదులో వాడతారు. మనిషి స్పృహ తప్పే స్థితిలో వస్తే పరీక్ష ఫలితం కోసం ఆగకూడదు. రక్తం తీసి పంపి, వెంటనే హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ ఇచ్చి సెలైన్ పెట్టాలి. స్టెరాయిడ్ మొదలుపెట్టాక కొందరికి మూత్రం విపరీతంగా రావడం, ఆగని దాహం మొదలవుతాయి. కార్టిసాల్ లేనంతకాలం మరుగున ఉన్న వాసోప్రెసిన్ (ఒంట్లో నీటిని నిలిపి ఉంచే హార్మోను) లోపం అప్పుడు బయటపడుతుంది. దానిని షుగర్ వ్యాధి అనుకోకుండా వైద్యులకు చెప్పాలి, దానికి వేరే మందు ఉంది.

మోతాదు ఎంత

కార్టిసాల్ సంగతి తేలాక థైరాక్సిన్ మోతాదును ఒంటి బరువును బట్టి లెక్క కడతారు. అరవై ఏళ్ళ లోపు పెద్దవారికి కిలో బరువుకు రోజుకు సుమారు 1.2 నుంచి 1.6 మైక్రోగ్రాములు, అరవై దాటినవారికి సుమారు 1 నుంచి 1.2 మైక్రోగ్రాములు అవసరమవుతాయి. 55 కిలోల బరువున్న నలభై ఏళ్ళ స్త్రీకి 1.6 చొప్పున 88 మైక్రోగ్రాములు వస్తాయి. ఆ బలంలో బిళ్ళ మన షాపుల్లోనే దొరుకుతుంది. అదే బరువున్న డెబ్బై ఏళ్ళ మనిషికి 50 లేదా 62.5 మైక్రోగ్రాములు సరిపోతాయి. గుండె జబ్బు ఉన్నవారికి, వృద్ధులకు, చాలా ఏళ్ళుగా లోపంతో ఉన్నవారికి లెక్కలో వచ్చిన మోతాదును ఒక్కసారిగా ఇవ్వకూడదు, 12.5 లేదా 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి కొన్ని వారాలకొకసారి మెట్టు మెట్టుగా పెంచాలి. మిగిలినవారికి మాత్రం భయపడి 25 దగ్గరే నెలల తరబడి ఆపేయడం మంచిది కాదు. ఈ జబ్బులో నేను ఎక్కువగా చూసిన లోపం మోతాదు మించడం కాదు, చాలకపోవడమే.

టీ3 బిళ్ళలు, జంతువుల గ్రంథి నుంచి తీసిన మందులు ఈ జబ్బులో వాడవలసిన అవసరం లేదు. అయోడిన్ ఉప్పు ఎక్కువ తింటే గ్రంథి తిరిగి పనిచేస్తుందనే మాట కూడా ఇక్కడ వర్తించదు; తూములో లోపం లేదు కదా.

బిళ్ళ వేసుకునే పద్ధతి

నిద్ర లేచాక ఖాళీ కడుపుతో, మంచినీళ్ళతో వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట వరకు ఏమీ తీసుకోకూడదు. ఏమీ అంటే కాఫీ, టీ కూడా. తెల్లవారుజామున టీ తాగి పొలం వెళ్ళడం అలవాటైనవారికి ఇదే కష్టం. అటువంటివారు రాత్రి భోజనం అయిన మూడు గంటల తరువాత, పడుకోబోయే ముందు వేసుకోవచ్చు. ఏ పూట ఎంచుకున్నా రోజూ అదే పూట పాటించాలి. హైడ్రోకార్టిసోన్ ఉదయపు మోతాదును థైరాక్సిన్‌తో పాటే మంచినీళ్ళతో వేసుకోవచ్చు.

ఐరన్, కాల్షియం బిళ్ళలకూ థైరాక్సిన్‌కూ మధ్య నాలుగు గంటల వ్యవధి ఉండాలి. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ బిళ్ళ ఉదయమే వేసుకుంటే థైరాయిడ్ బిళ్ళ పేగుల్లో దానికి అంటుకుపోయి రక్తంలోకి చేరదు. ఐరన్‌ను మధ్యాహ్నానికో రాత్రికో మార్చుకోవాలి. గ్యాస్ బిళ్ళ అని రోజూ వేసుకునే పాంటాప్రజోల్ వంటి మందులు కూడా థైరాక్సిన్‌ను కొంత తక్కువగా చేరనిస్తాయి.

సీసా ఎక్కడ పెడుతున్నారన్నదీ చూసుకోవాలి. థైరాక్సిన్ వేడికీ తేమకూ వెలుతురుకూ త్వరగా బలం కోల్పోతుంది. మన ఊళ్ళలో వానాకాలమంతా గోడలు చెమ్మగిల్లుతాయి, వేసవిలో రేకుల ఇల్లు కుంపటిలా ఉంటుంది. వంటగదిలో పొయ్యి పైన గూట్లో గాని, కిటికీ దగ్గర గాని పెట్టకుండా, మూత బిగించి ఇంట్లో చల్లగా పొడిగా ఉండే చోట ఉంచాలి. బిళ్ళలను వేరే డబ్బాలో పోసుకోవద్దు. ఒక కంపెనీ బిళ్ళ అలవాటైతే అదే కొనసాగించడం మేలు. షాపులో లేక వేరే కంపెనీది తీసుకోవలసి వస్తే, ఆరు వారాల తరువాత పరీక్ష చేయించుకోవాలి. సీసా మీద ఎంసీజీ అని ఉంటుంది, అది మైక్రోగ్రాము. 100 మైక్రోగ్రాములు అంటే 0.1 మిల్లీగ్రాము. ఈ రెండు కొలతలనూ తికమకపడి చీటీ చదివితే మోతాదు వెయ్యి రెట్లు తేడా వస్తుంది.

మోతాదు సరిపోతున్నదా

మొదలుపెట్టినా, మోతాదు మార్చినా ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఫ్రీ టీ4 చేయించాలి. థైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు వారం పడుతుంది కాబట్టి అంతకు ముందే చేయిస్తే స్థిరమైన అంకె రాదు. పరీక్ష రోజు బిళ్ళ వేసుకోకుండా వెళ్ళి, రక్తం ఇచ్చాక వేసుకోవాలి. బిళ్ళ వేసుకున్న రెండు మూడు గంటలకు ఫ్రీ టీ4 కొంత పైకి లేస్తుంది, అది చూసి మోతాదు ఎక్కువైందనుకుంటారు. హైడ్రోకార్టిసోన్ మాత్రం ఆ రోజూ మానకూడదు. జుట్టు ఊడిపోతోందని బయోటిన్ బిళ్ళలు వాడేవారు పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి, ఎందుకంటే కొన్ని యంత్రాలలో అది అంకెలను తప్పుగా చూపిస్తుంది.

ఇప్పుడు కాగితం చూడండి. ఫ్రీ టీ4 పక్కన ఆ ల్యాబు నార్మల్ పరిధి రాసి ఉంటుంది. ఉదాహరణకు 0.9 నుంచి 1.7 అని ఉంటే దాని మధ్య అంకె 1.3. పిట్యూటరీ జబ్బు ఉన్నవారి ఫ్రీ టీ4 ఆ మధ్య అంకెకు పైన, పై హద్దుకు లోపల, అంటే 1.3కూ 1.7కూ మధ్య ఉండాలి. 1.0 వచ్చినా కాగితం మీద ఎర్ర గుర్తు ఉండదు, నార్మల్ అనే ఉంటుంది, కానీ ఈ రోగికి అది చాలదు. అరవై దాటినవారికి, గుండె జబ్బు ఉన్నవారికి మధ్య అంకె దగ్గరే ఆపవచ్చు. ఒక్కొక్క ల్యాబు పరిధి ఒక్కొక్క రకంగా ఉంటుంది, కొలమానం కూడా మారవచ్చు. నానోగ్రాములలో ఉన్న అంకెను సుమారు 12.9తో గుణిస్తే పికోమోల్‌లలో అంకె వస్తుంది. కాబట్టి వీలైనంతవరకు ఒకే ల్యాబులో చేయించుకోవడం, పాత కాగితాలు దాచుకోవడం అవసరం.

టీఎస్‌హెచ్ చేయించకపోయినా నష్టం లేదు. చేయిస్తే అది 0.05, 0.01 వంటి అంకెలకు పడిపోయి కనిపిస్తుంది. సరైన మోతాదు అందుకుంటున్న పిట్యూటరీ రోగిలో అది ఎదురుచూడవలసిన అంకే. పైగా చికిత్సలో ఉన్న మనిషికి టీఎస్‌హెచ్ 1కి పైన కనిపిస్తే మోతాదు చాలడం లేదేమోనని అనుమానించాలి. ఒక లంక గ్రామం నుంచి వచ్చే షీహాన్ రోగి ఒకామె ఏడాదిపాటు చక్కగా ఉండి, జ్వరానికి వేరేచోట చూపించుకున్నప్పుడు టీఎస్‌హెచ్ తక్కువగా ఉందని బిళ్ళ సగానికి తగ్గించారు. మూడు నెలల్లో గొంతు బొంగురుపోయింది, మలబద్ధకం తిరిగి వచ్చింది, వేసవిలోనూ దుప్పటి కప్పుకుంటోంది. ఫ్రీ టీ4 చూస్తే అడుగు హద్దుకు కిందికి జారి ఉంది. తగ్గించినవారికి ఆమె పిట్యూటరీ సంగతి తెలియదు, ఆమెకు చెప్పడం తెలియలేదు. అప్పటి నుంచి ప్రతి రోగి ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో ఈ మాట రాయిస్తున్నాను: "పిట్యూటరీ లోపం ఉంది. టీఎస్‌హెచ్ చూసి థైరాయిడ్ మోతాదు మార్చవద్దు. ఫ్రీ టీ4 చూడండి. స్టెరాయిడ్ ఆపవద్దు." మీరూ రాసుకోండి, ఫోనులో ఆ అట్ట ఫొటో కూడా పెట్టుకోండి.

మోతాదు మించితే గుండె దడ, చేతుల వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం, తిన్నా బరువు తగ్గడం కనిపిస్తాయి. ఎక్కువకాలం మించితే గుండె లయ తప్పుతుంది, ఎముకలు పలచబడతాయి. నెలసరి ముందే ఆగిపోయి, ఈస్ట్రోజన్ అందక, స్టెరాయిడ్ వాడుతున్న షీహాన్ రోగుల ఎముకలకు ఈ హాని మరింత ఎక్కువ. నీరసం తగ్గలేదని థైరాక్సిన్‌నే పెంచుకుంటూ పోకుండా, ఆ నీరసం రక్తహీనత వల్లనా, కార్టిసాల్ చాలకనా, సెక్స్ హార్మోన్ల లోపం వల్లనా అని వెతకాలి. అంకె ఒకసారి కుదిరాక ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి చూస్తే చాలు.

అవసరం మారే సందర్భాలు

నోటి ద్వారా ఈస్ట్రోజన్ మొదలుపెడితే రక్తంలో థైరాక్సిన్‌ను పట్టి ఉంచే ప్రోటీను పెరిగి, మోతాదు పెంచవలసి రావచ్చు. గ్రోత్ హార్మోన్ చికిత్స మొదలుపెడితే ఫ్రీ టీ4 తగ్గుతుంది. అంతకుముందు బాగున్నట్టు కనిపించిన మనిషిలో దాగి ఉన్న లోపం కూడా అప్పుడు బయటపడుతుంది. ఫెనిటాయిన్, కార్బమజెపైన్, టీబీకి వాడే రిఫాంపిసిన్ కాలేయంలో థైరాక్సిన్‌నూ స్టెరాయిడ్‌నూ త్వరగా ఖర్చు చేయిస్తాయి; కాబట్టి టీబీ మందులు మొదలుపెట్టిన రోజే రెండింటి మోతాదు గురించి అడగాలి. వీటిలో దేనినైనా మొదలుపెట్టిన ఆరు వారాలకు ఫ్రీ టీ4 మళ్ళీ చూడాలి.

పిట్యూటరీ జబ్బుతో గర్భం దాల్చినవారికి మోతాదు సాధారణంగా పెంచవలసి వస్తుంది. నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి టీ4 చూడాలి. ప్రసూతి ఆసుపత్రులలో అందరికీ టీఎస్‌హెచ్ చేసి దాని ప్రకారం మోతాదు మార్చడం ఆనవాయితీ కాబట్టి, ఫైలు అట్ట మీది ఆ మాటను మొదటి రోజే అక్కడ చూపించాలి.

పిట్యూటరీ ఆపరేషన్ అయినవారికి ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఫ్రీ టీ4 చూడాలి. రేడియేషన్ తీసుకున్నవారిలో లోపం ఏళ్ళ తరువాత నెమ్మదిగా వస్తుంది. అప్పుడు బాగుందన్న కాగితం ఇప్పటికి పనికిరాదు, ఏటా చూడాలి.

జ్వరం, ఉపవాసం, వరద

ఒక పూట థైరాయిడ్ బిళ్ళ మరచిపోతే కంగారు అక్కరలేదు, గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. అది నెమ్మదిగా ఖర్చయ్యే మందు. హైడ్రోకార్టిసోన్ అలా కాదు, కొద్ది గంటలలో అయిపోతుంది. జ్వరం వస్తే థైరాక్సిన్ మోతాదు మార్చకుండా, హైడ్రోకార్టిసోన్‌ను తగ్గేవరకు రెట్టింపు, జ్వరం మరీ ఎక్కువైతే మూడింతలు చేయాలి. వాంతులై బిళ్ళ నిలవకపోతే ఇంటి దగ్గర ఆగకుండా ఇంజెక్షన్ కోసం ఆసుపత్రికి వెళ్ళాలి. పంటి ఆపరేషన్‌కైనా ముందుగా చెప్పాలి.

కార్తీక సోమవారాలు, శనివారాలు ఉపవాసం ఉండేవారు, రంజాన్ పాటించేవారు ఈ సంగతి ముందే మాట్లాడుకోవాలి. తెల్లవారుజామున గోదావరి స్నానానికి వెళ్ళేముందు మంచినీళ్ళతో థైరాక్సిన్ వేసుకోవడానికి ఉపవాసం అడ్డు కాదు, నిజానికి ఖాళీ కడుపే దానికి కావలసింది. మందు వేసుకోవడమే ఉపవాస భంగమని స్టెరాయిడ్ మానేయడం మాత్రం ప్రమాదం. కార్టిసాల్ లోపం ఉన్నవారు కటిక ఉపవాసం చేయకపోవడమే మంచిదని నా అభిప్రాయం. చన్నీటి స్నానంలో వణుకు, కళ్ళు తిరగడం మొదలైతే రేవులో నిలబడకుండా బయటికి రావాలి.

జూలై, ఆగస్టు నెలల్లో వరద నీరు లంకలను చుట్టేస్తే రోజుల తరబడి పడవలు నడవవు. 1996 నవంబరు తుపాను తరువాత కోనసీమలో కూలిన చెట్లతో దారులు మూసుకుపోయిన సంగతి పెద్దవారికి గుర్తే. కాబట్టి జూన్ నుంచి డిసెంబరు వరకు రెండు మందులూ కనీసం నెల రోజులకు సరిపడా ఇంట్లో ఉండాలి. హైడ్రోకార్టిసోన్ అన్ని షాపుల్లోనూ నిలవ ఉండదు, కాకినాడ, రాజమహేంద్రవరం వంటి చోట్ల నుంచి తెప్పించవలసి రావచ్చు కాబట్టి పది రోజుల మందు మిగిలి ఉండగానే చెప్పి పెట్టాలి. పునరావాస కేంద్రానికి వెళ్ళవలసి వస్తే తీసుకువెళ్ళే సంచిలో రెండు మందుల సీసాలు, హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ ఒకటి, సిరంజి, ఫైలు అట్ట నకలు ఒకే ప్లాస్టిక్ కవరులో నీరు చొరకుండా కట్టి ఉంచాలి. ఆ కవరు ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి, ఆ ఇంజెక్షన్ వేయగలిగిన నర్సు గాని వైద్యుడు గాని ఊరిలో ఎవరున్నారో వానలు మొదలవకముందే అడిగి తెలుసుకోవాలి.